చలికి గుడ్డూ పాలూ... మరి విస్కీ?

డిసెంబరు చలి. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి వైపు పల్లెల్లో వేరుశనగ చేలకు అడవిపందుల బెడద. రాత్రంతా కావలి ఉండాల్సిందే. తోడుగా ఓ కంబళి, కాస్త చలిమంట... 'ఇంత మందు పడితే ఒళ్లు వెచ్చబడుతుంది' అన్న ధీమా!

ఈ ధీమా మన పల్లెలకే పరిమితం కాదు. చలిదేశాల్లో దీనికోసం ఏకంగా ఓ పండగ పానీయమే ఉంది. పేరు ఎగ్‌నాగ్. గుడ్డు సొనలో చక్కెర వేసి నురగ వచ్చేలా గిలక్కొట్టి, చిక్కటి పాలు, మీగడ, విస్కీ కలిపి, పైన జాజికాయ పొడి చల్లుతారు. క్రిస్మస్ రోజుల్లో అమెరికాలోని మన పిల్లలకు ఏ సూపర్‌మార్కెట్‌కెళ్లినా పాల డబ్బాల పక్కనే ఎగ్‌నాగ్ కనిపిస్తుంది. మందు కలపనిదీ దొరుకుతుంది.

విందు కాస్తా రభస!

మధ్యయుగాల ఇంగ్లండులో వేడిపాలను ద్రాక్షసారాతో విరగ్గొట్టి జలుబుకు ఇచ్చేవారు. దాన్ని 'పాసెట్' అనేవారు. ఎగ్‌నాగ్‌కు మూలం అదేనంటారు. ఆ పానీయం అమెరికా చేరాక అందులో రమ్ము, ఆ తర్వాత విస్కీ వచ్చి చేరాయి. 1826 క్రిస్మస్‌కు వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ కుర్రాళ్లు ఎగ్‌నాగ్ కోసం దొంగచాటుగా విస్కీ తెప్పించారు. తెల్లారేసరికి కిటికీలు పగిలాయి, కత్తులు బయటికొచ్చాయి. చివరికి 20 మంది క్యాడెట్లు సైనిక విచారణను ఎదుర్కొన్నారు!

వెచ్చదనం ఉత్తిదే

ఇంతకీ మందు తాగితే చలి తగ్గుతుందా? తగ్గదు. మద్యం వల్ల చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. లోపలి వేడి రక్తం పైకి వస్తుంది కాబట్టి వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి ఆ వేడంతా గాలికి పోతుంది, ఒళ్లు లోపల చల్లబడుతుంది. మత్తులో ఆ సంగతే తెలియదు. ఆరుబయట పడుకునేవారికి ఇది ప్రాణాల మీదికి తేవచ్చు. జలుబు చేసిందని పసిపిల్లలకు చెంచాడు బ్రాందీ పట్టడమైతే అసలే కూడదు.

పచ్చిగుడ్డు పాలలో కొట్టుకుని తాగితే బలమన్నదీ అలాంటి నమ్మకమే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దానివల్ల వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. పైగా ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి బాగా పడతాయి.

ఇంట్లో ఇలా...

విస్కీ లేకుండానే ఎగ్‌నాగ్ చేసుకోవచ్చు. మూడు గుడ్ల పచ్చసొనలో నాలుగు చెంచాల చక్కెర వేసి గిలక్కొట్టాలి. అర లీటరు పాలు కాచి, కొద్దికొద్దిగా సొనలో పోస్తూ కలపాలి. ఒకేసారి పోస్తే గుడ్డు ముక్కలవుతుంది. తర్వాత సన్నటి సెగమీద, చెంచాకు పూతలా అంటుకునేదాకా తిప్పాలి. మరగనివ్వకూడదు. వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే బ్యాక్టీరియా భయం ఉండదు. దించాక జాజికాయ, యాలకుల పొడి వేసి వేడిగా తాగేయాలి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టాలి.

చేను కావలికి బయల్దేరేముందు ఇంట్లో ఇలాంటి గ్లాసొకటి తాగి, కంబళి కప్పుకొని వెళ్తే చాలదూ!