సరస్సు ఒడ్డున కోర్జోక్: మందతో కదిలే ఊరు

లడఖ్‌లో సరస్సు అనగానే చాలామందికి పాంగాంగ్ గుర్తుకొస్తుంది. మనం ఈసారి త్సో మోరిరి అనే మరో సరస్సు దగ్గరికి, దాని వాయవ్య ఒడ్డున ఉన్న కోర్జోక్ అనే చిన్న ఊరికి వెళ్దాం.

లేహ్ నుంచి సింధూ నది వెంట ఉప్షి, చుమాతాంగ్ మీదుగా మహే వంతెన దాకా వెళ్లాలి. అక్కడ నది దాటి, సుమ్‌దో మీదుగా కోర్జోక్ చేరాలి. మొత్తం 200 కిలోమీటర్లకు పైనే. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లయితే కోర్జోక్ 4,500 మీటర్ల పైన ఉంటుంది. సముద్రతీరంలో దొరికే ప్రాణవాయువులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే అక్కడ దొరుకుతుంది. అందుకే ముందు లేహ్‌లో రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే ఆలస్యం చేయకుండా కిందికి దిగిపోవాలి.

మంచు కరిగి వచ్చే వాగులు ఈ సరస్సులో కలుస్తాయి. బయటికి పోవడానికి మాత్రం దారి లేదు. నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలిపోతాయి. అందుకే ఈ నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. 2002లో దీన్ని రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. తలపై రెండు నల్లటి చారలుండే బార్ హెడెడ్ గూస్ అనే బాతులు వేసవిలో ఇక్కడ గుడ్లు పెడతాయి. ఈ జాతి పక్షులు చలికాలంలో హిమాలయాలు దాటి కర్ణాటకలోని మాగడి చెరువు వంటి చోట్లకు వస్తాయి. ఏటా రెండు బదిలీలన్నమాట!

ఊళ్లో ఒక బౌద్ధ గోంపా, కొన్ని ఇళ్లు, కొద్దిపాటి బార్లీ పొలాలు ఉంటాయి. అయితే ఊరి అసలు ఆస్తి మందలే. ఇక్కడి చాంగ్‌పాలు మేకలు, గొర్రెలు, యాక్‌లు పెంచుతారు. యాక్ వెంట్రుకలతో నేసిన ‘రెబో’ అనే నల్ల గుడారంలో ఉంటారు. చెట్లు లేని నేల కాబట్టి పొయ్యిలోకి ఎండిన పేడే ఆధారం.

వాళ్లు ఎందుకు కదులుతుంటారు? అక్కడ గడ్డి పలచగా, ఏడాదిలో కొద్ది నెలలే మొలుస్తుంది. మంద ఒకేచోట ఉంటే వేళ్లతో సహా మేసేస్తుంది. మరుసటి ఏడు అక్కడ ఏమీ మొలవదు. అందుకని ఎప్పుడు, ఎవరు, ఎటు వెళ్లాలో ‘గోబా’ అనే ఊరిపెద్ద ఆధ్వర్యంలో నిర్ణయించుకోవడం ఆచారం. వాళ్ల ప్రయాణం దిక్కులేని తిరుగుడు కాదు, గడ్డికి ఇచ్చే సెలవు.

పాలమూరు గొర్రెల కాపరులను చూసిన పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. వాళ్లూ మేత కోసం నెలల తరబడి మందతో ఊళ్లు దాటుతారు. రైతులు తమ పొలంలో రాత్రిపూట మంద పెట్టించుకుంటారు. గొర్రెలకు చోటు, పొలానికి ఎరువు. మన నల్ల గొర్రెల ఊలు గొంగడి అయినట్టే, చాంగ్‌పాల మేకల బొచ్చు పష్మీనా శాలువా అవుతుంది. గడ్డకట్టే చలిని తట్టుకోవడానికి ఆ మేకకు పైవెంట్రుకల కింద మెత్తని బొచ్చు పెరుగుతుంది. దాని మందం 12 నుంచి 15 మైక్రాన్లు. మన తలవెంట్రుక అంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. చలి తగ్గాక బొచ్చును దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక మేకకు సుమారు పావుకిలో వస్తుంది. అందులోనూ ముతక వెంట్రుకలు ఏరేస్తే మిగిలేది ఇంకా తక్కువ.

ఈ బతుకు తేలిక కాదు. 1962 యుద్ధం తర్వాత సరిహద్దు మూసుకుపోయి చాంగ్‌థాంగ్‌లో కొన్ని పాత మేతభూములు అందకుండా పోయాయి. 2013 చలికాలంలో విపరీతంగా మంచు పడి, మేత అందక వేలాది జీవాలు చనిపోయాయి. చదువు కోసం పిల్లలు మందకు దూరంగా హాస్టళ్లలో ఉండాలి. చదువుకున్నవారు లేహ్‌లో ఉద్యోగం చూసుకుంటున్నారు. మన శాలువాల కోసం వాళ్లను చలిలోనే ఉండిపొమ్మనే హక్కు మనకు లేదు. కానీ ఏ లోయలో ఏ నెలలో గడ్డి మొలుస్తుంది, ఏ మేక ఎప్పుడు ఈనుతుంది అన్న తెలివి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అది మందతో నడిచినవాళ్ల దగ్గరే ఉంది. ఒక తరం నడవడం మానేస్తే అది పోతుంది. చదువూ ఆ తెలివీ రెండూ ఒకే పిల్లవాడికి దక్కేదెలా? కోర్జోక్ ముందున్న పెద్ద ప్రశ్న ఇదే.

మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే ఒడ్డున గూళ్లున్న చోటికి పోకండి, చెత్త వదలకండి, అడగకుండా గుడారాల్లోకి తొంగిచూడకండి. వెళ్లలేనివారికి ఇంకో పని ఉంది. మీ నాన్నగారికో అమ్మగారికో ఈసారి ఏ ఊరు బదిలీ అయినా, అక్కడ పశువులు మేపే తాతనో అవ్వనో వెతకండి. ఏ గడ్డిని ఏమంటారో, మందను ఏ నెలలో ఎటు తోలతారో అడగండి. నోటుపుస్తకంలో తెలుగులో రాసి మాకు చూపించండి. వచ్చే సంచికలో వేద్దాం.