ఒక్క బుట్ట తేడాతో ప్రపంచ విజేత
ఖండాల విజేతల మధ్య సాగే బాస్కెట్‌బాల్ పోటీల కథ

ఊళ్లో నెగ్గిన జట్టు మండలానికి వెళ్తుంది. మండలంలో నెగ్గితే జిల్లాకు, జిల్లాలో నెగ్గితే రాష్ట్రానికి. సంక్రాంతి కబడ్డీ పందేలు చూసిన వారికి ఈ మెట్లన్నీ తెలిసినవే. దేశం దాటాక ఖండం ఉంది. మరి ఒక్కో ఖండంలో గెలిచిన జట్లన్నీ ఒకేచోట చేరి తలపడితే ఎలా ఉంటుంది? బాస్కెట్‌బాల్ ఆటలో సరిగ్గా అలాంటి పోటీయే ఒకటి ఉంది. దాని పేరు ఇంటర్‌కాంటినెంటల్ కప్. 1966లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మొదలైంది.

ఇందులో ఆడేవి దేశాల జట్లు కావు, క్లబ్బులు. ఒలింపిక్స్‌లో దేశం జెండా పట్టుకుని నడుస్తారు. ఇక్కడ మాత్రం చొక్కా మీద ఊరి పేరో, ఫ్యాక్టరీ పేరో, సంఘం పేరో ఉంటుంది. అందుకే జనాభా లెక్కల్లో చాలా వెనక ఉండే పట్టణాలు కూడా ఈ కప్పు మీద తమ పేరు చెక్కించుకోగలిగాయి.

ఫ్యాక్టరీ జట్లదే తొలి దశకం

మొదటి కప్పును ఇటలీకి చెందిన ఇగ్నిస్ వరేసె జట్టు గెలుచుకుంది. వరేసె ఆల్ప్స్ పర్వతాల దిగువన ఉన్న ఒక మోస్తరు పట్టణం. ఇగ్నిస్ అనేది ఆ ప్రాంతంలో ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీ పేరు. 1967, 1968, 1969 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు అమెరికాకు చెందిన అక్రాన్ వింగ్‌ఫుట్స్ జట్టు కప్పు ఎగరేసుకుపోయింది. ఇది గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ జట్టు. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులతోనే జట్లు నడిపేవి.

1975లోను, 1982లోను కాంతూ అనే ఇటలీ పట్టణం గెలిచింది. కాంతూ అంటే ఇటలీలో కలప సామాను, చేతి లేసులకు పేరు. ఫర్నిచర్ చేసుకునే ఆ చిన్న పట్టణం రెండుసార్లు జగజ్జేత అయింది.

1983లో గెలిచిన అర్జెంటీనా జట్టు ఓబ్రాస్ సానితారియాస్ కథ ఇంకా విశేషం. బ్యూనస్‌ఎయిర్స్ నగరానికి మంచినీళ్లు అందించి, మురుగునీటి పారుదల చూసే ప్రభుత్వ సంస్థ ఉద్యోగులు 1917లో స్థాపించుకున్న క్లబ్బు అది. 1986లో అదే నగరంలో ఫైనల్ ఆడిన ఫెర్రో కర్రిల్ ఓయెస్తె క్లబ్బును 1904లో రైల్వే ఉద్యోగులు పెట్టుకున్నారు. ఆ ఫైనల్లో వారిని ఓడించింది, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న లిథువేనియా నుంచి వచ్చిన జాల్గిరిస్ జట్టు.

వలస వచ్చినవారి క్లబ్బు

ఈ పోటీల చరిత్రలో పాత క్రీడాభిమానులు నేటికీ చెప్పుకునే మ్యాచ్ 1979 అక్టోబరులో బ్రెజిల్‌లోని సావోపౌలో నగరంలో జరిగింది. ఒకవైపు సీరియో, మరోవైపు బోస్నా.

సీరియో అంటే సిరియా వారిది అని అర్థం. బతుకుతెరువు కోసం సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి సముద్రాలు దాటి బ్రెజిల్‌కు వలస వెళ్లిన కుటుంబాల యువకులు 1917లో ఈ క్లబ్బును ప్రారంభించారు. పరాయి దేశంలో నలుగురూ కలుసుకోవడానికి పెట్టుకున్న ఆ సంఘమే కాలక్రమంలో దక్షిణ అమెరికా ఖండం విజేతగా ఎదిగింది.

బోస్నా జట్టు యుగొస్లావియాలోని సరయెవో నగరానిది. 1972 దాకా రెండో తరగతి లీగ్‌లో ఆడిన జట్టు అది. బోగ్దాన్ తన్యెవిచ్ అనే కోచ్ పట్టుమని పాతికేళ్లు రాకుండానే పగ్గాలు చేపట్టి, కుర్రవాళ్లను కూడగట్టి, ఏడేళ్లలో యూరప్ విజేతగా నిలబెట్టాడు. 1979 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జరిగిన యూరప్ ఫైనల్లో బోస్నా 96-93 తేడాతో వరేసెను ఓడించింది. ఆ 96 పాయింట్లలో జర్కో వరాయిచ్ 45, మీర్జా దెలిబాషిచ్ 30 చేశారు. అంటే ఇద్దరే కలిసి 75 పాయింట్లు!

మూడు పాయింట్ల గీత లేని రోజులు

బాస్కెట్‌బాల్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నేలకు పది అడుగుల ఎత్తున ఇనుప రింగు, దానికి అడుగు లేని వల. రింగు వెడల్పు 18 అంగుళాలు. జట్టుకు ఐదుగురు. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తాలి, చేతిలో పట్టుకుని పరుగెత్తకూడదు. బంతి బుట్టలో పడితే రెండు పాయింట్లు. ఇప్పుడైతే దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు ఇస్తారు. కాని అంతర్జాతీయ పోటీల్లో ఆ గీత 1984లోగాని రాలేదు. కనుక 1979లో ఎంత దూరం నుంచి వేసినా రెండే. ఈ ఆటలో సమఉజ్జీ అనేది ఉండదు. స్కోరు సమానమైతే ఐదు నిమిషాలు అదనంగా ఆడించి తేల్చేస్తారు.

సావోపౌలోలోని ఇబిరాపుయెరా ఇండోర్ స్టేడియంలో ఆ రోజు జరిగిందీ అదే. నిర్ణీత సమయం అయిపోయినా విజేత తేలలేదు. నువ్వా నేనా అన్నట్టు అదనపు సమయం సాగింది. చివరకు సీరియో 100, బోస్నా 98. ఒక్క బుట్ట తేడా! సీరియో చేసిన వంద పాయింట్లలో 42 ఒక్కడివే. అతడి పేరు ఆస్కార్ ష్మిత్. అప్పటికి అతడి వయసు 21 ఏళ్లు.

ఆరడుగుల తొమ్మిది అంగుళాల పొడవున్న ఆస్కార్‌ను బ్రెజిల్ ప్రజలు ‘పవిత్ర హస్తం’ అని పిలుచుకున్నారు. 1984లో అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్.బి.ఎ.కి చెందిన న్యూజెర్సీ నెట్స్ జట్టు అతడిని ఎంచుకుంది. అయితే ఆనాటి నిబంధనల ప్రకారం ఎన్.బి.ఎ.లో ఆడినవారు దేశం తరఫున ఆడటానికి వీల్లేదు. దేశం జట్టును వదులుకోవడం ఇష్టం లేక ఆస్కార్ ఆ అవకాశాన్నే వదులుకున్నాడు. 1987లో ఇండియనాపొలిస్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్లో అమెరికాను వారి గడ్డ మీదనే బ్రెజిల్ 120-115 తేడాతో ఓడించినప్పుడు, అందులో ఆస్కార్ వాటా 46 పాయింట్లు. 1980 నుంచి 1996 వరకు ఐదు ఒలింపిక్స్ ఆడిన అతడికి ఎన్.బి.ఎ.లో ఒక్క మ్యాచ్ ఆడకపోయినా 2013లో అమెరికాలోని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఓడినవారి కథ

ఆ రోజు ఒక్క బుట్ట తేడాతో ఓడిన సరయెవో నగరం మీద తర్వాత అంతకన్నా పెద్ద కష్టం వచ్చిపడింది. యుగొస్లావియా ముక్కలై 1992 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. 1996 ఫిబ్రవరి దాకా ఆ నగరం దిగ్బంధంలో మగ్గింది. చుట్టూ కొండల మీద నుంచి ఫిరంగులు పేలుతూ ఉండేవి. 1981లో రియల్ మాడ్రిడ్ జట్టుకు వెళ్లి పేరు తెచ్చుకున్న దెలిబాషిచ్ యుద్ధ కాలంలో సరయెవోలోనే ఉన్నాడు. కొత్తగా ఏర్పడిన బోస్నియా దేశం 1993లో యూరప్ పోటీలకు తొలిసారి జట్టును పంపినప్పుడు దానికి కోచ్‌గా వెళ్లింది అతడే. 2001లో దెలిబాషిచ్ మరణించాడు. నేడు సరయెవోలో బోస్నా జట్టు ఆడే స్టేడియానికి అతడి పేరే ఉంది.

ఆగుతూ సాగిన పోటీ

గెలుపోటముల మాట అలా ఉంచితే, ఈ కప్పు బతుకే ఒడుదొడుకుల బతుకు. 1987లో మిలాన్ గెలిచిన తర్వాత పోటీ ఆగిపోయింది. అదే సంవత్సరం ఎన్.బి.ఎ. జట్లతో మెక్‌డొనాల్డ్స్ ఓపెన్ అనే కొత్త పోటీ అమెరికాలో మొదలవడం గమనార్హం. మధ్యలో 1996లో ఒక్కసారి జరిగినప్పుడు గ్రీసు జట్టు పనథినాయికోస్ గెలిచింది. మళ్లీ 2013 దాకా ఊసే లేదు.

పునఃప్రారంభం అయ్యాక 2014లో రియో నగరంలో ఫ్లెమెంగో జట్టు మొదటి మ్యాచ్‌లో 66-69తో ఓడి, రెండో మ్యాచ్‌లో మక్కాబి టెల్ అవీవ్‌ను 90-77తో చిత్తుచేసి మొత్తం పాయింట్ల మీద కప్పు కైవసం చేసుకుంది. ఎక్కువసార్లు గెలిచిన ఘనత రియల్ మాడ్రిడ్‌దే. 1976, 1977, 1978, 1981, 2015 సంవత్సరాల్లో ఐదుసార్లు. ఆ తర్వాత మూడుసార్లు, అంటే 2017, 2020, 2023లలో గెలిచినది ఏ మహానగరమో కాదు. ఆఫ్రికా తీరానికి చేరువలో ఉన్న స్పెయిన్ దీవి టెనెరిఫె జట్టు అది. 2023 సెప్టెంబరు నుంచి ఈ పోటీకి సింగపూర్ వేదిక అయింది. అక్కడ 2023లో జర్మనీకి చెందిన బాన్, 2024, 2025లలో స్పెయిన్‌కు చెందిన మాలగా జట్లు నెగ్గాయి. 2021లో మొదలైన ఆఫ్రికా లీగ్ విజేతకు, ఆసియా జట్లకు కూడా ఇప్పుడు చోటు దొరుకుతోంది.

అసలు విజేత ఎవరు?

గెలిచినవారిని ప్రపంచ విజేత అనవచ్చా? ఇక్కడే పేచీ. 2000 సంవత్సరంలో యూరప్‌లోని పెద్ద క్లబ్బులు అంతర్జాతీయ సమాఖ్య నుంచి విడిపోయి సొంతంగా యూరోలీగ్ పెట్టుకున్నాయి. సమాఖ్య 2016లో వేరే లీగ్ ప్రారంభించింది. ఇప్పుడు యూరప్ తరఫున సాధారణంగా వచ్చేది ఆ లీగ్ విజేత. అమెరికా నుంచి కూడా ఎన్.బి.ఎ. విజేత రాదు. దాని అనుబంధ లీగ్ నుంచి జట్టు వస్తుంది. అంటే అందరికన్నా బలవంతులు బరిలోకి దిగకుండానే పోటీ ముగుస్తోందన్నమాట.

ఈ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే రెండో వైపు కూడా చూడాలి. పెద్దవాళ్లు రాని చోటే చిన్నవాళ్లకు తలుపు తెరుచుకుంది. దీవిలో ఉండే టెనెరిఫెకు, 2016లో కప్పు గెలిచిన వెనెజులా జట్టు గ్వారోస్‌కు ఇంకెక్కడా ఇలాంటి అవకాశం రాదు. ఎవరో రాలేదని వీరు ఆడిన ఆట తక్కువదైపోదు. బరిలో నిలిచినవాడిదే పందెం అని మనవాళ్లు అనేది ఇందుకే.

ఈ ఆటకు కావలసిన సరంజామా కూడా పెద్దదేమీ కాదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చదునైన నేల, రెండు స్తంభాలు, రెండు రింగులు, ఒక బంతి. నీళ్ల శాఖ ఉద్యోగులు, రైల్వే ఉద్యోగులు, వలస కుటుంబాల కుర్రవాళ్లు ఇంతటితోనే మొదలుపెట్టారు. హైస్కూలు ఆవరణలో రింగులు బిగించి ఉన్న ఊళ్లు అదృష్టం చేసుకున్నట్టే. ఆ రింగులకు తుప్పు పట్టనివ్వకుండా సాయంత్రం వేళ పిల్లల్ని అటు పంపితే చాలు, మిగతాది ఆటే నేర్పుకుంటుంది.