ఒంటికణత నొప్పి: ఏ మందు ఎవరికి?

షోలాపురం తూర్పు పేటల్లో ఏ మందుల దుకాణం ముందు నిలబడినా "తలనొప్పి గోళీ ఒకటి ఇవ్వు" అనే మాట వినబడుతూనే ఉంటుంది. రాత్రిపాళీ చేసి వచ్చిన సాంచెలవారు, పూటకూడు మాని బీడీలు చుట్టే తల్లులు, ఉపవాసాలుండే పెద్దలు అందరూ అడిగేది ఆ గోళీయే. కాని అన్ని తలనొప్పులూ ఒకటి కావు గదా! తలకు ఒక ప్రక్క సుత్తితో కొట్టినట్లు పోటు, వాంతి, వెలుతురూ చప్పుడూ సహించలేకపోవడం ఉంటే అది తరచుగా పార్శ్వపునొప్పే. మన మరాఠీ ఇరుగుపొరుగు దీనినే అర్ధశిశీ అంటారు. ఆకలి, నిద్రలేమి దీనిని రేపుతాయి.

మేము వైద్యులము కాము. అయినా డాక్టర్లు వ్రాసే మందుల తారతమ్యం ప్రతి ఇంటివారూ తెలుసుకోవడం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ మందులు రెండు తెగలు. మొదటి తెగ వచ్చిన నొప్పిని దించేవి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ తేలిక నొప్పికి చాలును. నొప్పి మొదలు కాగానే వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కడపటి రెండూ మంచివి కావు. ఎర్గొటమైన్ పాతది, రై ధాన్యానికి పట్టే బూజునుండి 1918లో స్టోల్ అనే శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేశాడు. అది రక్తనాళాలను బిగిస్తుంది కనుక గర్భిణులు, గుండెజబ్బువారు వాడరాదు. సుమట్రిప్టాన్ 1990 తరువాత వాడుకలోకి వచ్చింది. గట్టి నొప్పికి బాగా పనిచేస్తుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికీ, రక్తపోటు అదుపులో లేనివారికీ కూడదు. ఈ రెంటినీ 24 గంటలలోపల కలిపి వేసుకోరాదు.

రెండవ తెగ నొప్పి రాకుండా కాపు కాసేవి. నెలకు నాలుగైదు రోజులు నొప్పితో పడుకొనేవారికి ఇవి అవసరం. ప్రొప్రనొలోల్ రక్తపోటు కూడా ఉన్నవారికి రెండు విధాల మేలు. ఉబ్బసం ఉంటే మాత్రం ప్రమాదం. నూలు దుమ్ములో పనిచేసి ఆయాసపడే మన కార్ఖానాలవారు ఈ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఎమిట్రిప్టిలిన్ రాత్రిపూట వేసుకొనేది. తెల్లవారినా మగత ఉంటే సాంచె దగ్గర జాగ్రత్త. ఫ్లునారిజిన్ ఒళ్ళు పెంచుతుంది. టోపిరమేట్ ఒళ్ళు తగ్గిస్తుంది, కాని వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి. బీడీలు చుట్టే చేతులకు అది చిన్న సంగతి కాదు. గర్భిణులకు అది పనికిరాదు. ఇవి గుణమివ్వడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారం చూసి మానివేయకూడదు. 2018లో అమెరికాలో నెలకొక సూదిమందు అనుమతి పొందింది గాని దాని ఖరీదు మనబోటి వారికి బరువే.

అసలు గండం వేరే ఉన్నది. ఎర్గొటమైన్, సుమట్రిప్టాన్ వంటివి నెలకు పది రోజులు, ఉత్త నొప్పిగోళీలు పదిహేను రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ మందే రోజూ తలనొప్పి తెచ్చిపెడుతుంది. గోళీకోసం నొప్పి, నొప్పికోసం గోళీ!

అందుచేత గోడమీది కాలెండరులో నొప్పి వచ్చిన రోజు సున్న, గోళీ వేసిన రోజు గీత పెట్టండి. ఆ కాగితం డాక్టరుకు చూపండి. హఠాత్తుగా ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, కాలుసేయి పడిపోయినా కాలెండరు చూడక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.