పెద్దల యుద్ధ స్మృతులను వ్రాసి యుంచుడు

చందర్లపాడు చుట్టుపట్ల గ్రామములలో తొంబది యేండ్లకు చేరువైన వృద్ధులు ఇప్పటికిని కొందరు కలరు. వారి నోట ‘యుద్ధము’ అను మాట రెండు సంగతులను తెలుపును. ఒకటి జపాను యుద్ధము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. రెండవది 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానముపై జరిగిన సైనికచర్య. ప్రభుత్వము దానిని పోలీసు చర్య యని పిలిచినను, బాట ప్రక్క నిలిచి చూచినవారికి అది యుద్ధమే.

ఈ మెట్ట ప్రాంతమునకు అది యంత దగ్గర యగుటకు కారణము సరిహద్దు. జగ్గయ్యపేట దాటిన కొలదిదూరమున నాడు నిజాం సీమ మొదలగుచుండెను. పైగా ఆ సరిహద్దు తిన్నని గీత కాదు. కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా నిజాం భూముల నడుమ నుండగా, కంచికచెర్ల చెంతనున్న పరిటాల ఈ జిల్లా నడుమ నుండియు నిజాముకు చెందియుండెను. 1947లో పరిటాల ప్రజలు తాము స్వతంత్రులమని ప్రకటించుకొనిరి. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక అనేక కుటుంబములు సరిహద్దు దాటి ఇవతలి ఊళ్లలో తలదాచుకొనినవి.

ఇటీవల ఒక గ్రామమున ఒక వృద్ధురాలిని ఆ కాలమును గూర్చి అడిగితిని. తేదీ ఆమెకు తెలియదు. “చవితి పండగ వెళ్లిన వారానికి, నాయనా! పొద్దుటి నుంచీ లారీలు ఆగకుండా పోయినాయి. మా అమ్మ మమ్మల్ని బయటికి రానియ్యలేదు. మా ఇంట్లో ఉంటున్న అవతలివాళ్ల పిల్ల మాత్రం గోడెక్కి చూసింది. అవన్నీ వాళ్ల ఊరికే పోతున్నాయనుకుంది” అనెను.

పంచాంగము చూడగా ఆ యేడు వినాయక చవితి సెప్టెంబరు 7 ప్రాంతమున వచ్చినది. విజయవాడ బాటన సైన్యము కోదాడ వైపు సాగినది 13వ తేదీ, సోమవారము. ఆమె లెక్క తప్పలేదు. సూర్యాపేట వద్ద నిజాం సేనలు మూసీ వంతెనను కూల్చి వెనుకకు మరలుటయు, 17వ తేదీన పోరు నిలిచిపోవుటయు గ్రంథములలో కలవు. గోడ యెక్కిన పిల్ల సంగతి వానిలో కానరాదు.

కనుక గ్రామములలోని ఉపాధ్యాయులును, చదువుకొన్న యువకులును ఈ పనికి పూనుకొనవలెను. తేదీ అడుగకుడు, పండుగను, పంటను, తెలుగు సంవత్సరమును అడుగుడు. బాంబులు పడినది చిత్రభాను నామ సంవత్సరము, సైన్యము వెళ్లినది సర్వధారి. కన్నదానిని, విన్నదానిని వేరువేరుగ వ్రాయుడు. వారి మాటలను దిద్దకుడు. ఒక్క కూర్చుండుటతో ముగింపవలదు. పైన చెప్పిన వృద్ధురాలికి ఆ పిల్ల పేరు తొలినాడు తట్టలేదు. వారము దినముల పిదప వెళ్లగా, నేను అరుగు ఎక్కకమునుపే చెప్పినది!

సైన్యమున పనిచేసినవారిని వారి దళము పేరు, డిశ్చార్జి పుస్తకములోని వివరములు అడుగుట సులభము. 1971 యుద్ధమునాటికి ఇరువది యేండ్లున్నవారు ఇప్పుడు డెబ్బది దాటియున్నారు. ఆలస్యము తగదు.

కష్టమైన విషయము వేరొకటి కలదు. రజాకార్ల వలన నష్టపడినవారివలెనే, సైనికచర్య పిదప సంస్థానములోని పలు జిల్లాలలో ముస్లిం కుటుంబములును ప్రాణములను, ఇండ్లను కోల్పోయినవి. భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము దీనిని విచారించి నివేదిక నొసగినను, అది దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. కావున ఒక వాడలోనే అడిగి ఊరుకొనరాదు. ఎవరైనను మౌనము వహించినచో బలవంతపెట్టరాదు.

వ్రాసిన ప్రతిని చెప్పినవారికి చదివి వినిపింపుడు. వారి సమ్మతి లేనిదే పేరు చేర్పకుడు. ఒక ప్రతి ఇంటివారి యొద్దను, మరియొకటి గ్రామ గ్రంథాలయమునను, అది లేనిచో పాఠశాలయందును ఉంచవచ్చును.