ఇంగ్లిష్ దేశమే... ఇంగ్లండు కాదు!

భాష ఒక్కటే. రోడ్డు మీద బండి నడిపేదీ ఎడమ పక్కనే. ఇంటింటా టీ మామూలే. ఇంకేం, బ్రిటన్ నుంచి జూబ్లీహిల్స్‌కి వచ్చినవాళ్లకి కొత్తేముంటుంది అనుకుంటాం. ఉంటుంది... చాలానే ఉంటుంది!

లండన్ నుంచి ఓ నటి తెలుగు సినిమా కోసం ఫిల్మ్‌నగర్‌లో దిగిందనుకోండి. 'మేడమ్, మీ కాల్షీట్లు పది రోజులు కావాలి' అంటాడు మేనేజరు. ఆమె తెల్లబోతుంది. వాళ్ల దేశంలో కాల్‌షీట్ అంటే ఓ కాగితం. రేపు ఎన్నింటికి రావాలి, ఏ సీను తీస్తారు, ఎవరెవరు ఉంటారు... ఇవన్నీ రాసి ముందురోజే చేతిలో పెడతారు. పది రోజుల కాగితాలు తన దగ్గరెందుకు ఉంటాయి? మన దగ్గర కాల్షీటంటే కాగితం కాదు, నటులు ఇచ్చే డేటు. మాట వాళ్లదే. అర్థం మాత్రం మనం మార్చేసుకున్నాం.

ఇలాంటివి ఇక్కడ అడుగడుక్కీ ఎదురవుతాయి. 'మీ గుడ్ నేమ్?' అని అడుగుతారు. పేర్లలో మంచివీ చెడ్డవీ ఉంటాయా అని ఆ అమ్మాయికి సందేహం. 'సార్ అవుట్ ఆఫ్ స్టేషన్' అంటే రైలు దిగి బయటికి వచ్చారేమో అనుకుంటుంది. మీటింగును 'ప్రీపోన్' చేశారంటే మరీ తికమక. ఆ మాట అక్కడ వాడుకలో లేదు. ఇక 'టిఫిన్' సంగతి ఇంకా తమాషా. అది ఇండియాలో ఉన్న తెల్లదొరలు మధ్యాహ్నం తిండికి వాడిన మాట. వాళ్లు వెళ్లిపోయారు, వాళ్ల మనవలు మర్చిపోయారు. మనం దాన్ని పొద్దుటికి జరిపి ఇడ్లీ, దోశలకి పెట్టుకున్నాం.

పాత ప్లగ్గు... కొత్త ప్లగ్గు

భాష కాస్త అలవాటయ్యేసరికి ఫోన్ చార్జింగు అయిపోతుంది. గోడకున్న ప్లగ్గు చూస్తే మూడు రంధ్రాలే, కానీ గుండ్రంగా ఉంటాయి. ఆమె చార్జర్‌కి ఉన్నవి బల్లపరుపు పిన్నులు. నిజానికి మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు కూడా బ్రిటిష్‌దే. వాళ్ల పాత ప్రమాణం అది. 1947లో బ్రిటన్ బల్లపరుపు పిన్నులు, లోపల ఫ్యూజు ఉండే కొత్త ప్లగ్గుకి ప్రమాణం తెచ్చుకుంది. మనకి స్వాతంత్ర్యం వచ్చిందీ అదే ఏడు. వాళ్లు కొత్తదానికి మారిపోయారు, మన ఇళ్లలో పాతదే నిలిచిపోయింది. తాతల కాలం నాటి ప్లగ్గు కోసం మనవరాలు అడాప్టర్ కొనుక్కోవాల్సి వస్తుంది!

టీదీ అదే కథ. అక్కడ కప్పులో టీబ్యాగు వేసి, వేడినీళ్లు పోసి, చివర్లో కాసిన్ని పాలు కలుపుతారు. పంచదార ఎవరికి వారు వేసుకోవాల్సిందే. ఇక్కడ ప్రొడక్షన్ బాయ్ తెచ్చే చిన్న కప్పులో పాలు, టీపొడి, పంచదార అన్నీ కలిసి మరిగిపోయి ఉంటాయి. వద్దన్నా గంటకోసారి వస్తుంది. రెండో వారానికల్లా చాయ్ రాకపోతే తోచని పరిస్థితి.

పెద్దమ్మ గుడి దాటాక...

అడ్రసు వెతకడం మరో పరీక్ష. బ్రిటన్‌లో ఒక పోస్టుకోడు సగటున 15 చిరునామాలకి మించదు. ఇంటి నంబరు, కోడు చెబితే చాలు, నేరుగా గుమ్మం ముందుకే. జూబ్లీహిల్స్ పిన్‌కోడు 500033 చెబితే ఓ పెద్ద పేటంతా వస్తుంది. రోడ్లకి నంబర్లున్నాయి కదా అనుకుంటే, అవీ అన్నివేళలా వరసలో ఉండవు. 'చెక్‌పోస్టు నుంచి వచ్చి, పెద్దమ్మ గుడి దాటాక, ఎవర్నడిగినా చెబుతారు'... ఇదీ మన అడ్రసు. మొదట విసుగేస్తుంది. తర్వాత తెలుస్తుంది, ఇక్కడ దారి చెప్పేది బోర్డులు కాదు, మనుషులని.

హారన్ గురించి చెప్పనే అక్కర్లేదు. బ్రిటన్‌లో జనావాసాల మధ్య రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు దాకా హారన్ కొట్టకూడదన్నది నిబంధన. మిగతా వేళల్లో కొట్టినా అది ఇంచుమించు తిట్టినట్లే. మన లారీ వెనక 'హారన్ ఓకే ప్లీజ్' అని రాసి మరీ కొట్టమంటారు. ఆ గోల భరించలేనివాళ్లకి పక్కనే కేబీఆర్ పార్కు ఉండనే ఉంది. పొద్దున్నే అక్కడ నెమళ్లు కనిపిస్తే, ఊరి నడిమధ్యలో అడవేమిటని నోరు వెళ్లబెట్టాల్సిందే.

పేర్ల దగ్గరా తలకిందులే. వాళ్లకి ఇంటిపేరు చివర్లో ఉంటుంది, మనకి ముందు. నందమూరి, అక్కినేని, ఘట్టమనేని అన్నీ ముందే వచ్చేస్తాయి. వాళ్ల దేశంలో డైరెక్టరునైనా పేరు పెట్టి పిలిచేస్తారు. ఇక్కడ 'గారు' చేర్చకపోతే ఎలా? తెలుగులో ఆమె నేర్చుకునే మొదటి మాటల్లో అదొకటి.

రూథర్‌ఫర్డ్ నుంచి స్కాట్ దాకా

ఒకప్పుడు తెల్లదొర వేషానికి మనవాళ్లే సరిపోయారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్‌గా కనిపించింది కొంగర జగ్గయ్య. 2022 మార్చి 25న విడుదలైన 'ఆర్ఆర్ఆర్'లో గవర్నర్ స్కాట్‌గా ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన రే స్టీవెన్‌సన్ నటించారు. ఆయన భార్య పాత్రలో ఐర్లండ్ నటి అలిసన్ డూడీ, జెన్నీగా ఇంగ్లండు అమ్మాయి ఒలీవియా మోరిస్ కనిపించారు. స్టీవెన్‌సన్ 2023 మేలో కన్నుమూసినప్పుడు, ఆయన క్రూరుడిగా నటించిన సినిమా తీసిన వాళ్లూ, దాన్ని చూసి ఆయన పాత్రని తిట్టుకున్న ప్రేక్షకులూ కూడా బాధపడ్డారు.

అంతకుముందూ కొందరు వచ్చారు. బ్రిటిష్ పౌరురాలైన కత్రినా కైఫ్ 2004లో వెంకటేష్ పక్కన 'మల్లీశ్వరి'లో నటించింది. లివర్‌పూల్‌లో పెరిగిన అమీ జాక్సన్ 2014 సంక్రాంతికి వచ్చిన 'ఎవడు'లో రామ్‌చరణ్ పక్కన కనిపించింది. వాళ్లకి అసలు పరీక్ష భాషే. అర్థం తెలియని మాటకి పెదవులు కదపాలి, కళ్లలో మాత్రం ఆ అర్థం పలకాలి. తెర మీద వినిపించే గొంతు డబ్బింగ్ కళాకారిణిది. తన నవ్వుకి మరొకరి గొంతు... పరాయి దేశంలో నటికి అది చిన్న విషయమేమీ కాదు.

ఇంకో చిక్కూ ఉంది. స్వాతంత్ర్యోద్యమం కథల్లో బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లకి దక్కేది ఎక్కువగా దుర్మార్గుడి వేషమే. తమ పాఠ్యపుస్తకాల్లో పెద్దగా చదవని చరిత్రని వాళ్లు మన సెట్లో, మన వైపు నుంచి చూస్తారు. కెమెరా ముందు కొరడా పట్టినవాడికి 'కట్' అనగానే కుర్చీ వేసి, గొడుగు పట్టి, 'భోంచేశారా?' అని అడుగుతారు. బ్రిటన్‌లో పలకరింపు వాతావరణంతో మొదలైతే, మన దగ్గర తిండితో మొదలవుతుంది. షూటింగ్ ఆఖరి రోజున గుమ్మడికాయ కొడుతుంటే, ఇదేమిటని వింతగా చూసే అతిథి చేతికీ హారతి పళ్లెం అందుతుంది.

సినిమావాళ్లే కాదు, ఉద్యోగం మీద వచ్చినవాళ్లనీ ఈ ఊరు ఇలాగే కలిపేసుకుంటుంది. 2017 నుంచి 2022 దాకా హైదరాబాద్‌లో బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్‌గా పనిచేసిన ఆండ్రూ ఫ్లెమింగ్ ఇక్కడి తిండి గురించి, పండగల గురించి, పాత కట్టడాల గురించి ట్విట్టర్‌లో తరచూ రాసేవారు. దౌత్యవేత్త కంటే పొరుగింటాయన మాట్లాడినట్లుండేది.

'ఆర్ఆర్ఆర్'లో భీమ్‌కి ఇంగ్లిష్ రాదు, జెన్నీకి అతని భాష రాదు. అయినా వాళ్ల స్నేహం ఆగలేదు. ఆ కథ తెర బయటా నిజమైంది. 2019 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో 'బాహుబలి' మొదటి భాగాన్ని, 2025 మేలో 'ఆర్ఆర్ఆర్'ని ప్రత్యక్ష వాద్యబృందంతో ప్రదర్శించారు. విక్టోరియా రాణి భర్త పేరున్న ఆ హాల్లో కీరవాణి బాణీలు మోగాయి. కింద ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నా, ఈలలకి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది.

కాల్షీటుకి అర్థం తెలిసేసరికి పది రోజులూ అయిపోతాయి. విమానం ఎక్కే ముందు ఆ నటి ఎవరినో అడుగుతుంది... 'భోంచేశారా అండీ?'

ఇక ఆమె వచ్చిన ఊరేదని అడగాల్సిన పనిలేదు!