మేత పొదల ఆకులలో ఖనిజాలు: కాల్షియం మిగులు, భాస్వరం కొరత

వేసవి ముదిరేసరికి రాయలసీమ గుట్టలలో గడ్డి ఎండిపోయి, మేకలకు రేగు, బలుసు, తుమ్మ వంటి పొదల ఆకే ప్రధానమైన మేత అవుతుంది. ఎండు గడ్డిలో కన్న ఈ ఆకులో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి ఖనిజాలు కూడ సమృద్ధిగానే ఉంటాయని మన విద్యార్థులు తరచు భావిస్తారు. అది సగం మాత్రమే నిజం.

ఆకు ముదిరినకొద్దీ అందులో కాల్షియం పేరుకొంటుంది. పొడి పదార్థంలో 1 నుండి 3 శాతం వరకు ఉండటం సాధారణం. భాస్వరం తీరు వేరు. చిగురులో తగినంత ఉన్నా, ముదురాకులో 0.1–0.2 శాతానికి దిగిపోతుంది. అందుచేత ఈ రెండింటి నిష్పత్తి 10:1 దాటడం అరుదు కాదు. నెమరువేసే పశువులు 7:1 వరకు తట్టుకోగలవు గాని, భాస్వరం చాలినంత అందినప్పుడే. చాలనప్పుడు మేత మందగిస్తుంది, ఎద ఆలస్యమవుతుంది, పశువు ఎముకలు, గుడ్డపీలికలు నమలసాగుతుంది. కళేబరాల ఎముకలు నమిలితే బొట్యులిజం ప్రమాదమూ ఉన్నది.

ఇట్టి మందకు సుద్ద లేదా సున్నపురాతి పొడి సిఫారసు చేయడం మనం చేస్తున్న పొరపాటు. దానివల్ల కొరత తీరకపోగా నిష్పత్తి మరింత చెడుతుంది. కాపరికి అందుబాటులో ఉన్న ఆధారం వరి తవుడు. దానిలో భాస్వరం 1 శాతానికి మించి ఉంటుంది. అది చాలవరకు ఫైటేటు రూపంలో ఉన్నా, పొట్టలోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టగలవు. తుమ్మకాయల గింజలలోనూ భాస్వరం ఉన్నది. అయితే గట్టి గింజలు అనేకం నెమరులో ఉమ్మివేయబడతాయి, లేదా పెంటికలతో అరగకుండానే బయటపడతాయి. కాయలను దంచి పెట్టడం మేలు.

గొర్రెల విషయంలో మరొక జాగ్రత్త. ఆవులకై తయారైన ఖనిజ మిశ్రమాన్ని వాటికి పెట్టరాదు. గొర్రె కాలేయంలో రాగి పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది.

విశ్లేషణ గురించి ఒక మాట. ఒకసారి మా విద్యార్థి తెచ్చిన రేగాకులో ఇనుము నమ్మశక్యం కానంత ఎక్కువగా వచ్చింది. మొక్కను మెచ్చుకోబోయి, నమూనా ఎక్కడిదని అడిగితే మట్టిబాట పక్కదన్నాడు. మేము కొలిచింది దుమ్మును! ఆకును స్వేదనజలంతో త్వరగా కడిగి ఆరబెట్టాలి. ఆమ్లంలో కరగని బూడిదను కూడ నమోదు చేయాలి. కొమ్మను మొత్తంగా కోయక, మేక వెంట నడిచి అది కొరికిన భాగాన్నే చేతితో తుంచాలి. మేక ఎంచుకొనే కొనకు, మనం కోసే కొమ్మకు భాస్వరంలో చాల భేదం కనిపిస్తుంది.