డొక్కల పొయ్యి దగ్గర దగ్గు

మలికిపురం చుట్టుపక్కల నేల కింద సహజవాయువు, నేల మీద కొబ్బరి. గ్యాస్ బండకు డబ్బు కట్టాలి. కొబ్బరి డొక్కలు, మట్టలు, చిప్పలు పెరట్లోనే దొరుకుతాయి. అందుకే వంటింట్లో గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ వేన్నీళ్లకో, ఎసరుకో పొయ్యి రాజేస్తూనే ఉంటారు.

పచ్చి ఆరని డొక్క మండదు, కుములుతుంది. ఆ పొగలో కంటికి కనపడే మసికన్నా కనపడని నుసే ఎక్కువ చేటు. 2.5 మైక్రాన్లలోపు రేణువులు తలవెంట్రుక మందంలో ఇంచుమించు ముప్పయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువే ఉంటాయి. ముక్కు, గొంతు పెద్ద దుమ్మును ఆపేస్తాయి. ఈ సన్న రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా దిగిపోతాయి.

శ్వాసనాళాల లోపల నూగులాంటి సన్నటి కేశాలు చెత్తను పైకి ఊడ్చేస్తుంటాయి. ఏళ్ల తరబడి పొగ తగిలితే ఆ ఊడ్పు మందగిస్తుంది. తెమడ పేరుకుంటుంది, నాళాలు వాచి ఇరుకవుతాయి. మొదట పొద్దుటి దగ్గు, తర్వాత నాలుగడుగులకే ఆయాసం, పిల్లికూతలు. ఇదే సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసనాళాల జబ్బు. చుట్ట ముట్టని ఆడవాళ్లకూ వస్తుంది. మందులతో ఆయాసం తగ్గుతుంది గానీ, పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు. పొయ్యి పక్కన ఆడుకునే పసిపిల్లలకైతే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో 420 ఇళ్ల గాలిని కొలిచిన అధ్యయనం 2004లో వెలువడింది. ఘనమీటరు గాలిలో సన్నని రేణువుల రోజువారీ సగటు గ్యాస్ ఇళ్లలో 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. అంటే పదింతలు.

1999లో మొదలైన ప్రభుత్వ దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2024 నుంచి అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితం. అయినా ఏడాది పొడుగునా అన్ని వంటలకూ మూడు చాలవు. కాబట్టి ఉన్న గ్యాస్‌ను ముందు ఇంటి లోపల చేసే వంటకే వాడండి. పొయ్యి తప్పనిసరైతే పెరట్లో, గాలి ఇంట్లోకి తోలని వైపు పెట్టండి. బాగా ఎండిన డొక్కలే వాడండి. చంటిపిల్లను చంకనేసుకుని పొయ్యి ఊదకండి. గ్యాస్ మీద వేపుడు చేసినా కిటికీ తెరవండి.

దగ్గు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించి, ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష అడగండి. పొయ్యి దగ్గర ఉండేవాళ్లకు దగ్గు మామూలేనని మాత్రం ఊరుకోకండి.